కూర గిన్నె మీది చీటీ

ముందుగా ఒక మాట. నా రాత నిదానం. అరపేజీ పూర్తయ్యేలోపు పొయ్యి మీద పాలు పొంగి చల్లారిపోతాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. యాభై తొమ్మిదో ఏట అక్షరం పట్టినదాన్ని, కాస్త ఓర్చుకోండి. నేను పైకి చదివి వినిపిస్తే తప్పులు మా వదిన దిద్దింది. నేను దిద్దనిచ్చిన చోటే దిద్దింది లెండి, మిగతావి నావే.

నేను చెప్పబోయేది ఒక్క వానాకాలం సంగతి. అప్పటికి మా ఆయన పోయి పదేళ్ళు. నేనూ, ఆయన అక్కా రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. వదిన బట్టలు కుట్టేది. కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకుని, పంటితో దారం తెంచుతూ, పేపరు మొదటి నుంచి చివరిదాకా పైకి చదివేది. ఇంట్లో చదువంతా ఆవిడ చేతిలోనే. ఉత్తరమొచ్చినా, కరెంటు బిల్లొచ్చినా, మందుసీసా మీద ఏముందో చూడాలన్నా ఆవిడే. "నేనుండగా నీకెందుకే చదువు?" అనేది. అది ప్రేమో పెత్తనమో నేనెప్పుడూ తేల్చుకోలేదు. యూనివర్సిటీ క్యాంటీన్లో నాకు వడ్డనపని వచ్చిన దరఖాస్తు కూడా ఆవిడే నింపింది. అయిదో తరగతి చదివానని రాసింది. బడి గోడకి ఇవతల మేకలు కాసుకున్న మనిషిని నేను.

క్యాంటీన్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. వారం మెనూ కాగితం ఒకటి మాకు ముందే ఇచ్చేవారు. ఆదివారం వదిన దాన్ని రెండుసార్లు చదివేది, నేను బట్టీ పట్టేసేదాన్ని. పిల్లలు ట్రే పట్టుకుని రాగానే గోడ మీది బోర్డు వైపు చూడకుండా గడగడా చెప్పేదాన్ని. "ఈరోజు అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు. రేపు మధ్యాహ్నం చేప." అందుకని నాకు రేడియో అని పేరు పెట్టారు. రేడియో పెద్దమ్మ. బోర్డు చూడనక్కర్లేని మనిషినని గొప్పగా చెప్పుకునేవారు. నేనూ కాదనలేదు.

వంటాయన అప్పుడప్పుడు గిన్నె మూతల మీద చీటీలు అంటించేవాడు. ఏది ముందు వడ్డించాలో, దేన్లో ఉప్పు తక్కువో. అవి వచ్చినప్పుడు పక్కన పప్పు వడ్డించే ఆమెతో, "అద్దాలు ఇంట్లో మర్చిపోయానే, అదేంటో చూడు" అనేదాన్ని. నాకసలు కళ్ళద్దాలే లేవు.

కాలేజీ తెరిచిన వారం వానలు పట్టుకున్నాయి. గుమ్మంలో గొడుగుల నీళ్ళు, లోపలంతా తడిబట్టల వాసన. ఆ రోజుల్లోనే వచ్చింది ఆ పిల్ల. చేతిలో తెల్ల కర్ర, భుజాన సంచి. పదకొండో ఏట జబ్బు చేసి చూపు పోయిందట. లా చదవడానికి వచ్చింది. వారం తిరక్కుండానే క్యాంటీన్లో ప్రతిదానికీ వాదన వేసుకోవడంతో లాయరమ్మ అయిపోయింది.

మొదటిరోజే నాకూ తనకూ తగువు పడింది. ట్రే నా ముందు పెట్టింది. పాపం, కళ్ళులేని పిల్ల ఏది ఎక్కడుందో ఎలా తింటుందని, అన్నంలో పప్పూ కూరా వేసి, గరిటెతోనే మెత్తగా కలిపి ఇచ్చాను. పైన పెరుగు కూడా పోశాను.

నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. వేలితో ఒకసారి అంచు తడిమి, "ఏంటండీ ఇది?" అంది.

"అన్నం తల్లీ. కలిపి పెట్టాను, సుఖంగా తినేయొచ్చు."

"నాకు కళ్ళు లేవు గానీ నాలుక ఉంది పెద్దమ్మా. వంకాయ నాకు గిట్టదు. ఇప్పుడు ఇందులోంచి వంకాయని ఎలా ఏరుకోను?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఏది ఎక్కడుందో తెలిస్తే నేనే తింటాను. రోజూ ఒకే చోట పెట్టండి చాలు. అన్నం నా పొట్ట వైపు. కూర గుండె వైపు. పప్పు అటు పక్క. పెరుగు ఎదర."

మర్నాడు జాగ్రత్తగా కూర నా గుండె వైపు పెట్టి, మురిసిపోతూ ట్రే అందించాను.

తడిమి చూసుకుని, "పెద్దమ్మా" అంది, "నీ గుండె కాదు. నా గుండె."

ఎదురెదురుగా నిలబడితే ఎవరి ఎడమ వాళ్ళదే కదా. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆ రోజు ఇద్దరం పడీపడీ నవ్వాం. మూడోరోజు నుంచి చెయ్యి తప్పలేదు.

తను అడిగే మాట ఇంకొకటి ఉంది. పల్లీలు తనకి పడవు. కొంచెం నోట్లోకి వెళ్ళినా గొంతు వాచి ఊపిరి ఆడదు. సంచి పక్క జేబులో తొడకి పొడుచుకునే మందుసూది ఒకటి ఎప్పుడూ ఉండేది. నాకూ, తన స్నేహితురాలికీ అది చూపించి, ఎలా పొడవాలో నేర్పింది. అందుకని ట్రే పెట్టగానే రోజూ, "పెద్దమ్మా, పల్లీలు?" అనేది. ఉంటే ఉన్నాయనేదాన్ని, లేకపోతే లేవనేదాన్ని. ఏ రోజు ఏ కూరలో పడతాయో నా బట్టీలో ఉండేది కదా.

మేనేజరుకి మాత్రం ఆ పిల్ల హాల్లో తినడం ఇబ్బందిగా ఉండేది. వరస ఆలస్యమవుతోందనేవాడు, కర్ర తగిలి ఎవరైనా పడతారనేవాడు. చెడ్డవాడు కాదు. తన కళ్ళముందు ఏమీ జరక్కుండా ఉంటే చాలనుకునే మనిషి. ఒకరోజు నా కౌంటర్ దగ్గరే ఆ పిల్లని ఆపి, "అమ్మా, నీకెందుకీ తిప్పలు? వేళకి డబ్బాలో సర్ది నీ గదికే పంపిస్తాం" అన్నాడు.

"గదికి అన్నం వస్తుంది సార్. మనుషులు రారు కదా."

"అంటే?"

"ఎవరు ఎవరితో మాటలు మానేశారో, ఏ మేష్టారు రేపు సెలవో, పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయో అన్నీ ఈ బల్లల దగ్గరే తెలుస్తాయి. గదిలో గోడతో కలిసి తినమంటారా?"

"నీ మంచికే చెప్తున్నాను."

"తెలుసు సార్. అందుకే మర్యాదగా వద్దంటున్నాను."

లోపల వంటాయన గరిటెతో గిన్నె అంచు మీద టంగుమని కొట్టాడు. అది ఆయన చప్పట్లు. మాట తక్కువ మనిషి. నాతో ఆయన మాట్లాడేదల్లా ఉప్పు గురించే.

ఆ తర్వాత ఒక గురువారం నాకు గట్టి జలుబు. ముక్కు దిబ్బడేసి కూర వాసనా పప్పు వాసనా ఒక్కలాగే ఉన్నాయి. మెనూ ప్రకారం వంకాయ కూర లేదు, దుంపల కూర. దాన్లోకి ఎప్పుడూ నువ్వుల పొడి వేస్తారు. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి కూర గిన్నె మూత మీద చీటీ ఉంది. గిన్నె పక్కనే చిన్న మూకుడులో ఉడికించిన గుడ్లు రెండు. గురువారం గుడ్డు ఉండదు. వంటాయన తనకోసం పెట్టుకుని మర్చిపోయాడనుకుని పక్కకి జరిపాను.

చీటీ చూపించబోతే పప్పు దగ్గరామె ముందే నవ్వింది. "ఇవాళా అద్దాలు మర్చిపోయావా? మొన్నా మర్చిపోయావు, అటుమొన్నా మర్చిపోయావు. అద్దాల్ని నువ్వు మర్చిపోతున్నావో, అవే నిన్ను మర్చిపోయాయో!"

వరస అప్పటికే గుమ్మందాకా ఉంది. నేను నవ్వేసి, "మొదటి గిన్నె అని రాసి ఉంటాడులే" అని చీటీ పీకి ఏప్రాన్ జేబులో కుక్కాను. అంతే. ఎంతసేపు? రెప్పపాటు.

లాయరమ్మ వచ్చింది. "పెద్దమ్మా, పల్లీలు?"

"లేవు తల్లీ. దుంపల కూర, నువ్వుల పొడి."

కూర తన గుండె వైపు పెట్టాను.

ఎంతసేపయ్యిందో తెలియదు, మూడో బల్ల దగ్గర కుర్చీ పడింది. చూస్తే ఆ పిల్ల మెడ పట్టుకుని వంగిపోయి ఉంది. పెదవులు ఉబ్బిపోయాయి. స్నేహితురాలు సంచిలో చెయ్యి పెట్టింది గానీ కంగారులో సూది కింద పడేసుకుంది. నేను కౌంటర్ కింది నుంచి దూరి వెళ్ళి, తీసి, నేర్పినట్టే తొడకి పొడిచి పట్టుకున్నాను. పది అంకెలు పైకి లెక్కపెట్టాను. ఆస్పత్రి బండి వచ్చేలోపు ఊపిరి కాస్త దారికొచ్చింది. బండి ఎక్కించేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. అది వదిలించుకోవాల్సింది నేనే అయ్యాను.

నువ్వులు నిండుకున్నాయని వంటాయన ఆ పూట పల్లీల పొడి కలిపాడట.

ఇంటికెళ్ళి వదినకి చెప్పాను. ఆవిడ మిషను ఆపేసింది.

"చీటీ ఏది?"

"జేబులో లేదు. ఎక్కడ పడిందో తెలీదు."

"ఎవరైనా చూశారా, నువ్వు పీకడం?"

"పప్పు దగ్గరామె ఒక్కతే. ఆమె చెప్పదులే."

"అయితే చీటీ లేదు. వాడు పెట్టడం మర్చిపోయాడు. విన్నావా? ఆ దరఖాస్తు రాసిన చెయ్యి నాది. నీ ఉద్యోగం పోతే ఈ ఇంట్లో పొయ్యి నా కుట్టుతోనే వెలగాలి. నా కళ్ళు ఇంకెన్నాళ్ళు పనిచేస్తాయనుకుంటున్నావు?"

ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు, చీటీ లేదన్నది తప్ప.

సోమవారం మేనేజరు గదిలో నలుగురం. వంటాయన గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. లాయరమ్మ కుర్చీలో ఉంది. పెదవులు మామూలయ్యాయి గానీ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. బల్ల మీద ఒక కాగితం. ఇకమీదట భోజనం గదికే తీసుకుంటానని ఆ పిల్ల సంతకం పెట్టాలట.

"నేను చీటీ పెట్టాను" అన్నాడు వంటాయన.

"పెడితే ఎక్కడుంది? చెత్తబుట్టలతో సహా వెతికించాను" అన్నాడు మేనేజరు. ఆ పిల్ల వైపు తిరిగాడు. "చూడమ్మా, నిన్ను తప్పుబట్టడం లేదు. నువ్వు ఏ గిన్నె ముందు నిలబడ్డావో, ఎవర్ని అడిగావో నీకు మాత్రం ఎలా తెలుస్తుంది? అందుకే హాలు నీకు మంచిది కాదంటున్నాను."

"పెద్దమ్మనే అడిగాను. పెద్దమ్మ గొంతు నాకు తెలీదా?"

మేనేజరు నా వైపు చూశాడు. "నిన్ను అడిగిందా?"

పైన ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీది కాగితం లేచి లేచి పడుతోంది. ఆయన దాని మీద గ్లాసు పెట్టాడు.

"అడిగింది" అన్నాను. "చీటీ కూడా ఉంది. నేనే పీకాను. నాకు చదవడం రాదు బాబూ."

"రాకపోవడమేంటి? రోజూ మెనూ అంతా..."

"బట్టీ. మా వదిన చదివితే గుర్తుపెట్టుకుంటాను."

"దరఖాస్తులో అయిదో తరగతి అనుంది కదా?"

"అబద్ధం."

వంటాయన కట్టుకున్న చేతులు విప్పాడు.

లాయరమ్మ కుర్చీలో నా గొంతు వైపు తిరిగింది. "అయితే ఇన్నాళ్ళూ ఆ బోర్డు మనిద్దరికీ కనబళ్ళేదన్నమాట" అంది. ఆ మాటలో కోపం ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. వెంటనే మేనేజరు వైపు మొహం తిప్పింది. "సార్, అబద్ధం చెప్పినందుకు పెద్దమ్మ మీద నాకు కోపమే. అది మేమిద్దరం చూసుకుంటాం. కానీ జరిగింది నా కళ్ళ వల్ల కాదు కదా. కళ్ళున్నవాళ్ళ చీటీ వల్ల. మార్చాల్సింది చీటీని. నా కుర్చీని కాదు." కాగితాన్ని తడిమి, గ్లాసు కింద నుంచి లాగి, ఆయన వైపు జరిపింది.

ఆ కాగితం మీద సంతకం పడలేదు.

కొత్త పద్ధతి వంటాయనే పెట్టాడు. పల్లీలు పడిన గిన్నె గరిటె పిడికి ఎర్రగుడ్డ కట్టాలి. చూసేవాళ్ళకి ఎరుపు కనబడుతుంది, చూడలేనివాళ్ళు పిడి తడిమితే ముడి తగులుతుంది. పైగా గిన్నె బయటికి వచ్చేటప్పుడు ఆయన "పల్లీలూ!" అని హాలంతా వినబడేలా అరవాలి. మాట తక్కువ మనిషికి అదే పెద్ద శిక్ష. గుడ్డలు కుట్టింది వదిన. వారంరోజులు నాతో మాట్లాడకుండా కుట్టింది. ముడి జారకుండా రెండేసి కుట్లు వేసింది.

నన్ను పనిలోంచి తీసేయలేదు, వడ్డన తీసేశారు. హాలు వెనక గిన్నెలు తోమే గదికి మార్చారు. తిన్న ట్రేలు అందుకోవడానికి అక్కడొక కిటికీ ఉంది, దానికి రేకు పలక. చేతులు ఎప్పుడూ నీళ్ళలో నాని ఉండేవి. రేడియో మూగబోయిందని పిల్లలు వేళాకోళం చేశారు.

లాయరమ్మ నాలుగురోజులు ట్రే పెట్టి పలకరించకుండా వెళ్ళింది. అయిదోరోజు ఆగింది.

"పెద్దమ్మా, నన్ను చంపేసేదానివి."

"అవును తల్లీ."

"అవునంటే సరిపోయిందా?"

"సరిపోదు."

తడి రేకు మీద వేలుతో ఏదో గీసింది. "అక్షరాల రూపం నాకింకా గుర్తే. పదకొండేళ్ళదాకా రాశానుగా. ఇదేంటో చూడు. 'ప'. పల్లీల్లో మొదటిది. రేపటికి రాకపోతే ఊరుకోను."

"ఈ వయసులో నాకు..."

"నీ సాకులు తర్వాత వింటాను. రోజుకి ఒకటి. ఫీజు ఉంది. వంటాయన ఇవాళ ఎవర్ని ఏమని తిట్టాడో పూసగుచ్చినట్టు చెప్పాలి."

అలా మొదలైంది. తను గీసేది, నేను చూసి పక్కన గీసేదాన్ని. నాది సరిగ్గా వచ్చిందో లేదో వేలితో తడిమితే తెలియదు కదా, నీళ్ళే కాబట్టి. అందుకని నా వేలు తన అరచేతిలో పెట్టించుకుని మళ్ళీ గీయించేది. "తలకట్టు మర్చిపోయావు. బోడిగుండు చేశావు దాన్ని" అనేది. వెనక ట్రేలు పట్టుకున్నవాళ్ళు గోల పెట్టేవాళ్ళు. "రేపు పరీక్షలో మీకూ ఇదే అడుగుతారు, ఆగండి" అనేది వాళ్ళని.

వానలు సన్నగిల్లాయి. ఒకరోజు ఇంటికెళ్ళేసరికి వదిన, నేను ఉతక్కుండా మూల పడేసిన పాత వడ్డన ఏప్రాన్ ముందేసుకుని కూర్చుంది. గరిటెల గుడ్డల కోసం దాని ఎర్ర అంచులు విప్పుతోందట. జేబు అడుగున చిన్న చిల్లు, దాంట్లోంచి లోపలి మడతలోకి జారి ఉంది చీటీ. నూనె మరకతో, నాలుగు మడతలు పడి.

"దొరికిందే" అంది. కళ్ళజోడు సర్దుకుంది. "చదవనా?"

నేను చెయ్యి చాచాను. "ఇలా ఇవ్వు వదినా. నేనే చదువుకుంటాను."

ఆవిడ నా మొహం చూసింది, చీటీ వైపు చూసింది. నలభై ఏళ్ళలో నేను ఆవిడ చేతిలోంచి కాగితం అడగడం అదే మొదలు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, చీటీ నా చేతిలో పెట్టింది. అప్పటికి నాకు వచ్చింది పద్నాలుగు అక్షరాలు. బియ్యం డబ్బా మూత లోపల దాన్ని అంటించాను. రోజూ బియ్యం తీసేటప్పుడు ఒకసారి చూసేదాన్ని. ఇవాళ ఒకటి తెలిసేది, ఎల్లుండి ఇంకొకటి.

పరీక్షలయ్యాయి. చివరిరోజు లాయరమ్మ ట్రే పెట్టి, "సెలవుల్లో మర్చిపోయావంటే మళ్ళీ 'ప' నుంచి" అని బెదిరించి వెళ్ళింది. ఆ మర్నాడు పని లేదు. అన్నానికి బియ్యం తీయబోయి డబ్బా మూత పట్టుకుని వెలుతురులోకి వచ్చాను. వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. వంటాయన రాత, కోడి గీకినట్టుంది.

"రేడియోకి. నువ్వులు లేవు, ఇందులో పల్లీలు వేశా. లాయరమ్మకి పెట్టకు. తనకి గుడ్లు ఉడికించి పక్కన పెట్టా. నువ్వు చూసుకుంటావని."

మూకుడులో ఆ రెండు గుడ్లు. నా చేత్తోనే పక్కకి జరిపాను. వంటాయన అన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆ గుడ్ల మాట ఎత్తలేదు.

వెనక వదిన మిషను ఆపింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"మడత విప్పినప్పుడే చదివాను."

"మరి చెప్పలేదేం?"

"నేనే చదువుకుంటానన్నావుగా" అంది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, "బియ్యం కడుగు, ఎసరు మరుగుతోంది" అంది.

సెలవులయ్యాక క్యాంటీన్ తెరిచిన రోజు రెండు గుడ్లు ఉడికించి పట్టుకెళ్ళాను. వంటాయన ముందు పెట్టాను. గుడ్ల వంక చూశాడు, నా వంక చూశాడు. ఒకటి తీసుకుని ఒలిచి, ఉప్పు అద్దుకుని తిన్నాడు. రెండోది మూకుడులో పెట్టి, "ఆ పిల్లకి ఉంచు" అన్నాడు.

ఇప్పుడు వదిన కళ్ళకి పొర కమ్మింది. పేపరు నేను చదువుతాను. నిదానం ఎక్కువైందని విసుక్కుంటుంది, ఒక ముక్క వదిలేస్తే మాత్రం పట్టేస్తుంది.

రేడియో పెద్దమ్మ. అరవై నాలుగేళ్ళు. క్యాంటీన్ వెనక వీధిలో, అదే రెండు గదుల ఇంట్లో, వదినతో.